ఋణశుద్ధి

బాకీ చెల్లించుటతోడనే మనుష్యుడు ఋణము నుండి విడివడునా, లేక తాను బాకీపడిన సంగతిని లోకము మరచిననాడు గాని విడివడడా? పైకి ఈ ప్రశ్న లెక్కలు వ్రాయువారి గదిలో పుట్టినట్లు కనబడును గాని, నిజమునకు ధర్మశాస్త్రకారులును వేదాంతులును శతాబ్దముల తరబడి తర్కించిన ప్రశ్న యిది. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము మిగిలింపరాదని పెద్దలు చెప్పిన మాట ప్రతి తెలుగింటను వినబడునదే. అయితే, ఋణమును నిశ్శేషముగా తీర్చినవానికి ఆ ఋణమును గూర్చిన వ్రాత మాత్రము శేషించినయెడల వాడు విముక్తుడా కాడా అని అడిగినచో ఆ సూక్తి బదులు చెప్పదు. నేటి మన జీవితమున ఋణము కంటె ఋణమును గూర్చిన వ్రాతయే దీర్ఘాయువు గలదగుటచేత, ఈ విచారణ ఇప్పుడు పండితులకు మాత్రమే గాక, ఇల్లు కొనువారికిని అమ్మువారికిని అవసరమైనది.

బెంగుళూరునకు దక్షిణదిశను, హోసూరు బాట ననుసరించి ఎలక్ట్రానిక్ సిటీకి పోవువారి దారిలో బొమ్మనహళ్ళి యున్నది. ఒకప్పటి పల్లె పిమ్మట నగరసభ యై, 2007 లో బృహత్ బెంగుళూరు మహానగర పాలికెలో లీనమై, ఆ పాలికెయు 2025 లో అయిదు నగరపాలికెలుగా విడివడగా దక్షిణ నగరపాలికెలో చేరినది. పాలకసంస్థ పేరు ఎన్నిమారులు మారినను, పొలములు సైట్లుగాను, సైట్లు అపార్టుమెంట్లుగాను మారుట మాత్రము ఇచ్చట ఆగలేదు. రాయలసీమ నుండియు, కోస్తా జిల్లాల నుండియు, తెలంగాణము నుండియు కంప్యూటరు ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు కొంతకాలము అద్దె యిండ్లలో గడపి, పిమ్మట బ్యాంకు అప్పుతో ఒక ఫ్లాటు కొనదలచినప్పుడు, గదుల కొలతలతో పాటు ఈసీని కూడ చూతురు. ఒక ఆస్తిపై ఇన్ని సంవత్సరములలో నమోదైన క్రయవిక్రయములను, తాకట్టులను, ఇతరభారములను సబ్ రిజిస్ట్రారు కార్యాలయము వరుసగా చూపు పత్రమే ఈసీ. అడిగిన కాలమున ఏ వ్యవహారమును నమోదు కానిచో 16 వ నమూనాలోను, ఏదేని నమోదైనచో 15 వ నమూనాలోను దానిని ఇత్తురు. బ్యాంకువారు 13 ఏండ్లకో 30 ఏండ్లకో దానిని కోరుదురు. పూర్వపు యజమాని తాకట్టుపెట్టినట్లు ఒక వరుసయు, ఆ తాకట్టు విడిపించుకొన్నట్లు వేరొక వరుసయు అందులో కనబడును. రెండవ వరుస చేరినంతమాత్రమున మొదటిది చెరిగిపోదు.

పన్ను బాకీ సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. ఇంటిపన్ను నిలిచిపోయినయెడల ఆ బాకీ యజమాని మెడకే గాక ఇంటికిని చుట్టుకొనును. ఇల్లు చేతులు మారినను భారము ఇంటితో కూడ పోవును. 2008 నుండి బెంగుళూరులో యజమానియే తన ఇంటి కొలతలు తెలిపి తన పన్ను తానే లెక్కకట్టుకొను పద్ధతి అమలులో నున్నందున, కొలతను తక్కువగా చూపినవాడు ఏండ్లు గడచిన పిదప అసలుతో పాటు జరిమానాను, వడ్డీని మోయవలసివచ్చుచున్నది. 2024 లో పాలికె ‘ఒక్కసారి పరిష్కారము’ అను పథకమును ప్రకటించి, వడ్డీని విడిచి, జరిమానాను తగ్గించి, ఆ సంవత్సరము నవంబరు నెలాఖరు వరకు గడువిచ్చినది; అటుపై మొండి బకాయిదారుల ఆస్తులను జప్తు చేయుదునని హెచ్చరించినది. ఇక ఆదాయపు పన్ను విషయమున, 1961 నాటి చట్టమునకు చేర్చిన రెండవ షెడ్యూలు జప్తు విధానమును సాంగోపాంగముగా వర్ణించినది. స్థిరాస్తి జప్తు ఉత్తరువును ఆ ఆస్తి యొద్దనో దాని ప్రక్కనో దండోరా వేయించియో, అచ్చట వాడుకలో నున్న మరియొక రీతినో చాటింపవలెను. పైకము చెల్లినపిమ్మట జప్తు ఉపసంహృతమైనట్లే భావింపబడును. బకాయిదారుడు కోరినచో ఆ ఉపసంహరణమును గూడ వాని ఖర్చుతో చాటింతురు. అనగా, అవమానమును చాటుటకు ఎవరి ప్రార్థనయు అక్కరలేదు గాని, విముక్తిని చాటుటకు విముక్తుడే ప్రార్థింపవలెను, వ్యయము భరింపవలెను. ఈ వైషమ్యమును జ్ఞాపకముంచుకొనుడు. దీనికి మరల రావలసియున్నది.

బొమ్మనహళ్ళి తెలుగు కుటుంబములలో ఒక బిడ్డ అమెరికాలో నుండుట నేడు విశేషము కాదు. ఆ దేశపు పన్నుల శాసనమున ఈ ప్రశ్న మరింత స్పష్టమైన రూపము దాల్చినది. అచ్చటి ఫెడరల్ పన్నుశాఖయగు ఐ.ఆర్.ఎస్. పన్నును నిర్ధారించి, చెల్లింపుమని తాఖీదు పంపినపిమ్మట పౌరుడు చెల్లింపనియెడల, వాని సమస్తమైన ఆస్తిపైనను ఆస్తిహక్కులపైనను శాసనబలముచేతనే ఒక భారము పుట్టును. దానికి లీన్ అని వ్యవహారము. పుట్టినప్పుడది ఎవరి కంటికిని కనబడదు. తక్కిన ఋణదాతలకు తెలియుటకై కౌంటీ కార్యాలయమునందో రాష్ట్ర కార్యాలయమునందో శాఖవారు ఒక నోటీసు దాఖలు చేసిననాడు అది బహిరంగమగును. భారము వేరు, భారమును చాటు నోటీసు వేరు. కనుకనే ఈ రెంటిని తొలగించు మార్గములును వేరువేరుగా నున్నవి.

భారమును తొలగించుట రిలీజు. పన్ను పూర్తిగా చెల్లినను, చట్టరీత్యా వసూలుచేయ వీలులేని స్థితి కలిగినను, తగిన పూచీకత్తును శాఖ అంగీకరించినను, 30 దినములలోపల విడుదలపత్రము నొసగవలెనని శాసనము. సామాన్యముగా పన్ను నిర్ధారణమైన నాటి నుండి 10 సంవత్సరములకు వసూలు గడువు ముగియును. శాఖవారు తెలిసియో, అలక్ష్యముచేతనో విడుదలపత్రము నీయకున్నచో పౌరుడు న్యాయస్థానమునకు పోయి నష్టపరిహారము కోరవచ్చును. ఇక నోటీసును వెనుకకు తీసికొనుట విత్‌డ్రాయల్. ఇది 1996 నాటి శాసనముచేత ఏర్పడెను. నోటీసు తొందరపాటుతో దాఖలైనను, శాఖ తన నియమములను తానే పాటింపకున్నను, పౌరుడు వాయిదాలలో చెల్లించు ఒడంబడికకు వచ్చినను, నోటీసును తీసివేయుటవలన వసూలు సుకరమగునని తోచినను, ఉభయులకును శ్రేయస్కరమని తలచినను, శాఖ దానిని వెనుకకు తీసికొనవచ్చును. పౌరుడు ఇందుకై పెట్టుకొను దరఖాస్తు నమూనాకు 12277 అని సంఖ్య. అట్లు తీసికొన్నపిమ్మట ఆ నోటీసు అసలు దాఖలే కానట్లుగా శాసనము వర్తించును. బాకీ తీరి విడుదలపత్రము పొందినవారు సైతము కొన్ని షరతులకు లోబడి ఈ ఉపసంహరణమును కోరుకొను సౌకర్యమును 2011 లో శాఖవారు కల్పించిరి.

ఇందలి చమత్కారమును గమనింపుడు. విడుదలయందు బాకీ పోవును, వ్రాత నిలుచును. ఉపసంహరణమునందు వ్రాత పోవును, బాకీ నిలిచియుండవచ్చును. వాయిదాలు కట్టుచున్నవాడు ఇంకను ఋణియే, అయినను లోకము దృష్టిలో వానిపై ఏ చాటింపును లేదు. కాసు బాకీలేకుండ కట్టివేసినవాడు అనృణుడు, అయినను వాని పేర ఒక నోటీసును, దాని క్రింద ఒక విడుదలపత్రమును కౌంటీ దస్తరములలో నిలిచియున్నవి. 2018 ఏప్రిల్ నాటికి అచ్చటి మూడు ప్రధాన పరపతి సంస్థలును పన్ను భారములను తమ నివేదికల నుండి తొలగించినను, దస్తరములలోని వ్రాత తొలగలేదు. కాబట్టి మనుష్యుడు అప్పు చేసినప్పుడు అతనిపై పడునవి రెండు: ఒకటి ధనసంబంధమైన బంధము, రెండవది కీర్తిసంబంధమైన బంధము. మొదటిది తన చేతనే తెగును. రెండవది తెంచుట ఇతరుల చేతిలో నున్నది.

మన స్మృతికారులు ఈ భేదమును ఎరుగనివారు కారు. పదునెనిమిది వ్యవహారపదములను పరిగణించునప్పుడు మనువు ఋణాదానమునకు ప్రథమస్థాన మొసగెను. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున, ఋణి కొంచెము కొంచెముగా చెల్లించుచున్నప్పుడు ఆ చెల్లింపును పత్రము వెనుక వ్రాయవలెననియు, లేదా ధనికుడు తన చేతివ్రాతతో రసీదు నీయవలెననియు, ఋణము పూర్తిగా తీరినప్పుడు పత్రమును చింపివేయవలెననియు, అట్లు కానిచో శుద్ధికొరకు వేరొక పత్రము వ్రాయింపవలెననియు విధించెను. సాక్షుల యెదుట చేసిన అప్పును సాక్షుల యెదుటనే తీర్చవలెనని కూడ ఆ వెంటనే చెప్పెను. కల్యాణి రాజధానిగా చాళుక్య విక్రమాదిత్యుడు ఏలిన కాలమున విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన 13 వ శతాబ్దమున దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యకావ్యముగా సంతరించెను. కన్నడదేశమున పుట్టి తెలుగుదేశమున పద్యరూపమెత్తిన ఈ శాస్త్రము, బొమ్మనహళ్ళిలో కాపురమున్న తెలుగువానికి రెండు విధముల స్వకీయమే.

పత్రమును చింపుట నేటి ఉపసంహరణమువంటిది. శుద్ధిపత్రము వ్రాయించుట నేటి విడుదలవంటిది. స్మృతి మొదట చెప్పినది చింపుటను; శుద్ధిపత్రము అందుకు ప్రత్యామ్నాయమే. ఏలయన, పత్రము ఋణము కొరకు పుట్టినది, ఋణము పోయినపిమ్మట అది నిలుచుటకు వేరు ప్రయోజనము లేదు. అంతకంటె ముఖ్యమైనది సాక్షుల నియమము. నలుగురి యెదుట కట్టిన ముడిని చీకటిగదిలో విప్పినచో, విప్పినట్లు ఎవరికిని తెలియదు. ఆ నలుగురి మనస్సులలో ముడి అట్లే యుండును. చాటి చెప్పిన బాకీని చాటియే తీర్చవలెననుట ఇందువలననే. దండోరాతో జప్తు చేసి, రసీదుతో మాత్రమే విడిచిపెట్టు రాజ్యము స్మృతిదృష్టితో సగము ధర్మమునే నెరవేర్చినదగును.

లౌకికఋణమును విడిచి వైదికఋణమును పరికించినను ఈ రెండు మార్గములే గోచరించును. బ్రాహ్మణుడు పుట్టుటతోడనే ఋషులకును దేవతలకును పితరులకును ఋణపడియుండుననియు, బ్రహ్మచర్యముచేతను, యజ్ఞముచేతను, సంతానముచేతను వరుసగా అవి తీరుననియు తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. శతపథబ్రాహ్మణము మనుష్యఋణమును గూడ చేర్చి నాలుగని లెక్కించినది. అథర్వవేదమున, ఇహలోకమున మాత్రమే గాక పై లోకములయందును అనృణత్వము ప్రసాదింపుమను ప్రార్థన కలదు. మూడు ఋణములను తీర్చినపిమ్మటనే మోక్షమందు మనస్సు నిలుపవలెనని మనువు శాసించెను. ఇది విడుదల మార్గము: కాలము పట్టును, క్రమము తప్పదు, చెల్లించిన ప్రతిదానికిని జీవితమే రసీదు.

అయితే ఋణములు తీర్చుటలోనే ఆయువంతయు చెల్లిపోవును గనుక మోక్షమునకు అవకాశమే లేదని న్యాయసూత్రములలో ఒక పూర్వపక్షము కలదు. ఆ శ్రుతిలో ఋణశబ్దము గౌణమనియు, ఆ విధి గృహస్థునకే చెందుననియు వాత్స్యాయనుడు భాష్యమున సమాధానము చెప్పెను. జాబాలోపనిషత్తు వైరాగ్యము కలిగిననాడే సన్న్యసింపవచ్చునని అనుజ్ఞ యిచ్చెను. కర్తృత్వాభిమానము గల అవిద్వాంసునకే ఈ ఋణములు, ఆత్మవిదునకు లేవని శంకరులు నిర్ణయించిరి. ముకుందుని సర్వాత్మనా శరణుజొచ్చినవాడు దేవర్షిపితృగణములలో ఎవరికిని ఋణి కాడని భాగవతము ఏకాదశస్కంధమున చెప్పినది. న్యాయశాస్త్రము యుక్తిచేతను, వేదాంతము జ్ఞానముచేతను, భాగవతము శరణాగతిచేతను చేరిన చోటు ఒక్కటియే: ఆ ఋణపత్రము వీని పేర ఎన్నడును చెల్లుబడి కాలేదనుట. ఇది ఉపసంహరణ మార్గము.

ఈ రెండవ మార్గము చూచి తొందరపడి సంతసింపరాదు. జ్ఞానము కలిగినవానికి సంచితము నశించును, ఆగామి అంటదు; కాని ఫలమిచ్చుటకు ఆరంభించిన ప్రారబ్ధము మాత్రము అనుభవముచేతనే క్షయించునని బ్రహ్మసూత్రముల నాల్గవ అధ్యాయము నిర్ణయించినది. జరిగినదానిని జరుగలేదని పలుకుటకు వేదాంతము సైతము సాహసింపలేదు. జగత్తునే మిథ్యయన్న శాస్త్రము ప్రారబ్ధమును మన్నించుటలో గొప్ప సత్యనిష్ఠ కలదు.

ఇచ్చట ఒక ఆక్షేపము పుట్టును. వ్రాతను తుడుచుట సత్యమును తుడుచుట కాదా? ఇల్లు కొనువానికి ఆ ఇంటి పూర్వచరిత్ర తెలిసికొను హక్కు లేదా? ఆక్షేపము న్యాయమైనదే. దస్తరము ఏర్పడినది బకాయిదారుని శిక్షించుటకు గాదు, మూడవవాడు మోసపోకుండుటకు. భారమున్నంతవరకు ఆ వ్రాత మూడవవానికి రక్షణ. భారము తొలగినపిమ్మట, బాకీపడెను, తీర్చెను అను రెండు వాక్యములును కలిసి ఒకే సత్యము. మొదటి వాక్యమును మాత్రమే చదివి మొగము చిట్లించువాడు సత్యమును చదివినవాడు కాడు. పాపకర్మునితో ప్రాయశ్చిత్తము కాకమునుపు వ్యవహరింపరాదని చెప్పిన మనువే, ప్రాయశ్చిత్తము చేసికొన్నవానిని ఎన్నడును అసహ్యించుకొనరాదని ఆ వెంటనే శాసించెను. ప్రాయశ్చిత్తము చేసికొనుట వాని విధి. వానిని నిందింపకుండుట మన విధి. కాబట్టి భారము న్యాయముగా ఏర్పడి, న్యాయముగా తీరినచోట విడుదల చాలును, విడుదల వ్రాత మొదటి వ్రాతకు ఎంతమాత్రమును తీసిపోని ప్రకటనతో దాని ప్రక్కనే నిలిచినయెడల. నోటీసే అన్యాయముగానో, తొందరపాటుతోనో పుట్టినచోట మాత్రము విడుదల చాలదు. చేయని తప్పునకు క్షమాపత్రము పుచ్చుకొనుట, తప్పును ఒప్పుకొనుటయే యగును. అచ్చట పత్రమును చింపుటయే సత్యము.

తెలుగుదేశమున పన్ను బకాయి కథలలోకెల్ల మిన్నయైనది భద్రాచల రామదాసు కథ. కంచర్ల గోపన్న గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీలుదారై, వసూలైన సర్కారు సొమ్మును భద్రాచలమున రామాలయనిర్మాణమునకు వినియోగించి, ఆ బకాయికై గోలకొండ కోటలో చెరసాల పాలయ్యెను. పండ్రెండేండ్ల చెర అనంతరము రామలక్ష్మణులు సేవకవేషములు ధరించి రాత్రివేళ తానీషా కడకు వచ్చి, ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు పుచ్చుకొని, దానిని గోపన్న తలక్రింద నుంచి పోయిరని జనుల విశ్వాసము. ఈ కథను భక్తిరసముతో పాడుకొనుటయే గాని, ఇందలి ధర్మసూక్ష్మమును విచారించినవారు తక్కువ. సర్వశక్తుడైన దేవుడు సుల్తాను మనస్సు నుండి బాకీ స్మృతిని తొలగింపలేకపోయెనా? దస్తరమును మాయము చేయలేకపోయెనా? ఆ మార్గమును కథ ఎన్నుకొనలేదు. పుణ్యకార్యమునకే వినియోగించినను, అప్పగించిన సొమ్ము అప్పగించినవానిదే గనుక, భక్తి బాకీని రద్దుచేయలేదు. భగవంతుడే నాణెములు లెక్కించి చెల్లించెను. అంతటితో ఊరకుండక రసీదు అడిగి పుచ్చుకొనెను. కుబేరునికి కలియుగాంతము వరకు వడ్డీ కట్టుచున్నాడని చెప్పుకొను వడ్డికాసులవాని విషయమునను తెలుగువారి భావన యిదియే. మన దేవుళ్ళు అప్పు ఎగవేయరు.

కథ అంతటితో ముగియలేదు. పైకము ముట్టినదని తెలిసిన తానీషా గోపన్నను విడిచిపెట్టి, మన్నింపు వేడుకొని, ఆలయమునకు కానుకలు సమర్పించెననియు, శ్రీరామనవమి నాటి సీతారామకల్యాణమునకు ప్రభుత్వ పక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆ కాలము నుండి వచ్చినదనియు ప్రతీతి. ఆ తలంబ్రాలు నేటికిని ప్రభుత్వము పంపుచునే యున్నది. సుల్తానులు పోయిరి, నిజాములు పోయిరి, ప్రజాప్రభుత్వములు వచ్చినవి. పుచ్చుకొన్న పక్షము తిరిగి ఇచ్చుట మాత్రము ఆగలేదు. బాకీ తీరిన క్షణముననే ఋణదాత ఋణియగునని ఈ ఆచారము ఏ శాస్త్రమును చెప్పనంత స్పష్టముగా చెప్పుచున్నది. పైకము ఇచ్చినవాడు తన పని ముగించెను. అతని పేరును పూర్వపు శుద్ధితో తిరిగి అప్పగించుట పుచ్చుకొన్నవాని పని. ఆ పని జరుగువరకు లెక్క ముగియదు. అమెరికా శాసనము 30 దినముల గడువును, తప్పినచో పరిహారమును విధించుటలో ఈ ఋణమును ఒప్పుకొన్నది. మన చట్టము ‘కోరినచో’ అనియు ‘వాని ఖర్చుతో’ అనియు చెప్పుటలో దీనిని సంపూర్ణముగా ఒప్పుకొనలేదు.

కావున బొమ్మనహళ్ళిలోనైనను, మరెచ్చటనైనను పన్ను బాకీ తీర్చినవారు కట్టిన రసీదుతోనే తృప్తిపడి ఇంటికి పోరాదు. జప్తు తొలగించినట్లు లిఖితపూర్వకమైన ఉత్తరువును అడిగి పుచ్చుకొనవలెను. దానిని సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున అందజేసి నమోదు చేయింపవలెను. పిమ్మట కొత్త ఈసీ తీయించి, ఆ వరుస చేరినదో లేదో తమ కంటితో చూచుకొనవలెను. అప్పు తీర్చినవాని ఇల్లు కొనవచ్చినవారు ఈసీలో రెండవ వరుసను గూడ చదువవలెను. పన్ను పుచ్చుకొను ప్రభుత్వములు జప్తును ఏ దస్తరమున ఎక్కించెనో ఆ దస్తరమునందే, తమంతట తామే, తమ ఖర్చుతోనే, నియమితమైన గడువులోపల విడుదలను ఎక్కింపవలెను; అట్లు చేయుటకు చట్టమును సవరింపవలసియున్నచో సవరింపవలెను. పైకము ముట్టిన దినము మొదలు ఆ వ్రాత శుద్ధియగు దినము వరకు ఋణపడియున్నది పౌరుడు కాదు, ప్రభుత్వమే.